బరంపురం, పర్లాకిమిడి, రాయగడ తెలుగువారికి: ఫోన్లు, బిల్లులు, సర్కారు రూల్సు – తరచుగా అడిగే ప్రశ్నలు

ఇచ్ఛాపురం దాటితే గంజాం జిల్లా, పాతపట్నం దాటితే పర్లాకిమిడి, పార్వతీపురం నుంచి ఘాట్ ఎక్కితే రాయగడ. ఇల్లు ఇటు, పొలం అటు. కొడుకు ఉద్యోగం విశాఖలో, కోడలి పుట్టిల్లు గుణుపురంలో. మన బతుకులు ఇలా రెండు వైపులా పరుచుకుని ఉంటే, ఆఫీసుల కంప్యూటర్లు మాత్రం మనిషికి ఒకే రాష్ట్రం, ఒకే భాష, ఒకే అడ్రసు ఉంటాయని నమ్ముతాయి. కింద ఉన్న ప్రశ్నల్లో సగం అక్కడి నుంచే పుట్టాయి. జవాబుల్లో నా అభిప్రాయాలు కూడా దొర్లుతాయి. నచ్చకపోతే వాటిని వదిలేసి మిగతాది వాడుకోండి.

రాష్ట్రం మారితే ఏ రూల్సు మారతాయి? ఏవి మారవు?

ముందు ఇది తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. ఫోను, సిమ్ము, బ్యాంకు, యూపీఐ, ఆధార్, ఆన్‌లైన్ కొనుగోళ్లు, ఎంఆర్‌పీ, వినియోగదారుల చట్టం, రైలు టికెట్టు అన్నీ కేంద్రం పరిధి. ఇవి సోంపేటలో ఎలాగో ఛత్రపురంలోనూ అలాగే. పెట్రోలు మీద వ్యాట్, మద్యం, బండి రోడ్ ట్యాక్స్, కరెంటు చార్జీలు, భూమి రికార్డులు, రాష్ట్ర పథకాలు చెక్‌పోస్టు దగ్గర మారిపోతాయి. రేషన్ ఈ రెండింటికీ మధ్యలో ఉంది, దాని సంగతి కింద చెబుతాను. కౌంటరులో కూర్చున్నాయన "మీది ఆంధ్రా కేసు, ఇక్కడ కుదరదు" అంటే, అది కేంద్రం రూలా రాష్ట్రం రూలా అని మనసులో ఒకసారి అడుగుకోండి. చాలాసార్లు ఆయన మాట తప్పని తేలుతుంది.

సబ్బు ధర రెండు వైపులా ఒకటే. పెట్రోలు మాత్రం ఎందుకు తేడా?

సబ్బు జీఎస్టీలో ఉంది. 2017 జూలై 1 నుంచి దేశమంతా ఒకటే రేటు. పెట్రోలు, డీజిలు, తాగే మద్యం జీఎస్టీలో చేరలేదు, ఏ రాష్ట్రం పన్ను ఆ రాష్ట్రానిదే. పెట్రోలు మీద ఆంధ్రలో వ్యాట్ ఎక్కువ, పైగా లీటరుకి ఇంత అని అదనపు పన్నూ ఉంది. ఒడిశాలో తక్కువ. అందుకే ఇచ్ఛాపురం బైకులు ఇటువైపు బంకుల్లో కనిపిస్తాయి. మీ బండి ట్యాంకు నింపుకోవడం తప్పేం కాదు. క్యాన్లలో పట్టుకెళ్లి అవతల అమ్మితే మాత్రం నేరం.

విశాఖలో కొన్న ఫ్రిజ్ బరంపురం వచ్చాక పాడైంది. కేసు విశాఖలోనే వేయాలా?

అక్కర్లేదు. ఈ ఒక్క సంగతీ మన జిల్లాల్లో ప్రతి ఇంటికీ తెలియాలి.

పాత చట్టం ప్రకారం అమ్మినవాడు ఉన్నచోటో, గొడవ పుట్టినచోటో కేసు వేయాల్సి వచ్చేది. 2020 జూలైలో అమల్లోకి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం దీన్ని మార్చింది. మీరు నివసించే జిల్లాలో గాని, పనిచేసే జిల్లాలో గాని ఫిర్యాదు చేయవచ్చు. అంటే విశాఖలో కొన్నా, హైదరాబాద్‌లో కొన్నా, బెంగళూరు కంపెనీ యాప్‌లో కొన్నా గంజాం వాళ్లకి బరంపురం, గజపతి వాళ్లకి పర్లాకిమిడి, రాయగడ వాళ్లకి రాయగడ. అవతలి పక్షం మన ఊరికి రావలసిందే, లేదా వీడియోలో హాజరు కావాలి. వీడియో విచారణ కావాలని మీరు కూడా అడగవచ్చు.

మీరు చెల్లించిన ధర 50 లక్షల లోపు ఉంటే జిల్లా వినియోగదారుల కమిషన్ చాలు. 5 లక్షల లోపైతే ఫీజే లేదు. గొడవ పుట్టిన రోజు నుంచి రెండేళ్లలోపు వేయాలి. లాయరు తప్పనిసరి కాదు. ఆన్‌లైన్‌లో వేయడానికి ఇదివరకు ఈ-దాఖిల్ ఉండేది, ఇప్పుడు ఈ-జాగృతి వచ్చింది. ఫిర్యాదు ఇంగ్లీషులో రాసుకుంటే సుఖం. ఎందుకంటే మనం తెలుగులో రాస్తే ఇక్కడ చదివేవాళ్లుండరు, ఒడియాలో రాస్తే అవతలి కంపెనీ అర్థం కాలేదంటుంది.

కేసు దాకా వెళ్లేముందు 1915కి ఫోన్ చేయండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది. తెలుగులో మాట్లాడవచ్చు, ఒడియాలోనూ మాట్లాడవచ్చు. వాళ్లు తీర్పు చెప్పరు, కంపెనీకి ఫిర్యాదు పంపి జవాబు రాబడతారు. చిన్నాచితకా రిఫండులు అక్కడే తేలిపోవడం ఎక్కువ. నా మాట వింటే ముందు కంపెనీకి ఈమెయిల్, తర్వాత 1915, ఆ తర్వాతే కమిషన్. ఈ వరసలో వెళితే కాగితాలు కూడా వాటంతటవే పోగవుతాయి.

బిల్లు మాత్రం ఉండాలి. "బిల్లు లేకుండా తీసుకుంటే రెండు వందలు తగ్గిస్తాం" అనే మాటకి పడిపోయినవాళ్లకి పై పేరాలన్నీ చదువుకోవడానికే పనికొస్తాయి.

"అమ్మిన సరుకు వాపసు తీసుకోము" అని బోర్డు పెడతారు. చెల్లుతుందా?

సరుకులో లోపం ఉంటే చెల్లదు. బిల్లు మీద గడువు రాసి ఉంటే ఆ గడువులో, రాయకపోతే 30 రోజుల్లో, లోపమున్న సరుకు వెనక్కి తీసుకోనంటే అది చట్టం దృష్టిలో అన్యాయ వ్యాపారమే. బిల్లు ఇవ్వనంటే అదీ అంతే. బరంపురం పట్టు చీర ఇంటికి తెచ్చాక జరీ ఊడిపోయిందంటే అడిగే హక్కు మీకుంది. రంగు ఆడపడుచుకి నచ్చలేదంటే మాత్రం అది షాపువాడి మంచితనం మీద ఆధారపడిన వ్యవహారం.

ఎంఆర్‌పీ మీద "కూలింగ్ చార్జీ" అని రెండు రూపాయలు ఎక్కువ అడుగుతారు.

ఇవ్వక్కర్లేదు. ప్యాకెట్ మీద, సీసా మీద ముద్రించిన ధరలో అన్ని పన్నులూ కలిసే ఉంటాయి. దానికి మించి అమ్మడం తూనికలు కొలతల రూల్సుకి విరుద్ధం. రెండు రూపాయల కోసం బస్‌స్టాండులో గొడవేమిటి అంటారా, అది మీ ఇష్టం. నేనైతే అడుగుతాను. షాపులో కూర్చుని తినే హోటలు లెక్క మాత్రం వేరు.

యాప్‌లో 499 అని చూపించి, చివరికి 560 కట్టించుకున్నారు. ఇదేం న్యాయం?

దీనికి ప్రభుత్వం ఒక పేరే పెట్టింది. వినియోగదారుణ్ని మాయ చేసే 13 రకాల డిజైన్లను "డార్క్ ప్యాటర్న్స్" అని 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ నిషేధించింది. ధర చివరి తెరలో పెంచడం, మీరు అడగకుండానే బుట్టలో ఇన్సూరెన్సో విరాళమో పడేయడం, "ఇంకా 2 నిమిషాలే" అని దొంగ తొందర పెట్టడం, సభ్యత్వం తీసుకోవడం ఒక్క నొక్కుడు, మానుకోవడం మాత్రం పది తెరలు అన్నట్టు చేయడం అందులో ఉన్నాయి. రూలు మంచిదే, అమలే నీరసం. మన చేతిలో ఉన్నది ఒకటే: డబ్బు కట్టేముందు ఆఖరి తెరని స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోవడం. ఆన్‌లైన్ కంపెనీలు ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. ఆ అధికారి పేరు, నంబరు వెబ్‌సైటులో ఉండాలి. చాలాచోట్ల అన్నిటికన్నా కింద, అన్నిటికన్నా చిన్న అక్షరాల్లో ఉంటుంది.

షాపుల్లో బిల్లు వేసేముందు ఫోన్ నంబరు అడుగుతారు. ఇవ్వాలా?

బలవంతం లేదు. నంబరు ఇవ్వకపోతే సరుకు అమ్మం అనకూడదని 2023లోనే కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ వ్యాపారులకి చెప్పింది. "నంబరు లేదు బాబూ" అంటే చాలు. కౌంటరు కుర్రాడితో వాదించకండి, ఆ గడి నింపకపోతే అతని కంప్యూటర్ ముందుకు కదలదు.

నా సిమ్ము ఆంధ్రాది. ఉంటున్నది ఒడిశాలో. మార్చుకోవాలా?

అవసరం లేదు. టెలికాం లెక్కల్లో ఆంధ్ర, తెలంగాణ కలిపి ఒక సర్కిల్, ఒడిశా ఇంకొకటి. ఒకప్పుడు ఈ గీత దాటితే రోమింగ్ పేరుతో జేబు ఖాళీ అయ్యేది. ఇప్పుడు ప్యాకుల్లో రోమింగ్ కలిసే ఉంటోంది. ఊరి చివర అవతలి టవరు తగిలినా డబ్బు పోదు. సర్వీసు బాగాలేక కంపెనీ మారాలంటే 2015 జూలై నుంచి దేశంలో ఎక్కడికైనా అదే నంబరుతో మారవచ్చు. పోర్ట్ అని టైపు చేసి, నంబరు చేర్చి 1900కి మెసేజ్ పెట్టడమే. ఈమధ్యే సిమ్ము మార్పించుకుని ఉంటే వారం ఆగాలి. అది దొంగల కోసం పెట్టిన రూలు.

అమ్మకో అత్తకో నెట్టు అక్కర్లేదు, ఫోను మోగితే చాలు అనుకునేవాళ్లకి ఒక మాట. మాటలు, మెసేజ్‌లు మాత్రమే ఉండే ప్యాకులు కంపెనీలు తప్పక అమ్మాలని 2024 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశించింది. రీచార్జ్ షాపులో వాటి గురించి వాళ్లంతట వాళ్లు చెప్పరు, అడిగి తీసుకోవాలి.

భాష గొడవ మాత్రం ఉంటుంది. ఒడిశా నంబరుకి కంపెనీ మెసేజ్‌లు ఒడియాలో వస్తాయి, కస్టమర్ కేర్‌లో ఒడియా, హిందీ, ఇంగ్లీషు వినిపిస్తాయి. తరతరాలుగా తెలుగు మాట్లాడే పట్నాలు ఇక్కడ ఉన్నాయని ఆ కంప్యూటర్‌కి ఎవరూ చెప్పలేదు. ఇల్లు 1936లో ఒడిశా ప్రావిన్సులోకి వెళ్లిందని నాలుక మారిపోదు గదా! నంబరు ఏ సర్కిల్‌దైనా కస్టమరు కోరిన భాషలో మాట్లాడాలని రూలు తెస్తే ఖర్చు పెద్దగా ఉండదు. కావాలని అడిగేవాళ్లే లేరు.

నా ఆధార్ మీద ఎవరో సిమ్ములు తీసుకున్నారేమో అని అనుమానం.

కేంద్ర టెలికాం శాఖ నడిపే సంచార్ సాథీ సైటులో గాని యాప్‌లో గాని మీ పేరు మీద ఎన్ని నంబర్లున్నాయో కనిపిస్తాయి. మీది కానిదాన్ని అక్కడే కొట్టేయమని అడగవచ్చు. మనిషికి గరిష్ఠంగా 9 సిమ్ములు. ఫోను పోతే అదే చోట బ్లాక్ చేయించవచ్చు, దొరికితే మళ్లీ తెరిపించవచ్చు.

ఈ యాప్‌ను కొత్త ఫోన్లన్నిటిలో ముందే వేసి అమ్మాలని 2025 నవంబరు చివర్లో ప్రభుత్వం ఆదేశించింది. గొడవ లేచాక డిసెంబరు మొదటి వారంలోనే వెనక్కి తీసుకుంది. వెనక్కి తీసుకోవడమే సరైన పని అని నా అభిప్రాయం. యాప్ పనికొచ్చేదే, నేను వాడతాను, మీరూ వాడండి. కానీ పనికొచ్చేదాన్ని జనం తామే వేసుకుంటారు. మందు మంచిదే అయినా ముక్కు మూసి పోయనక్కర్లేదు.

"మీ పార్సిల్‌లో డ్రగ్స్ దొరికాయి, వీడియో కాల్‌లోనే ఉండండి" అని పోలీసు డ్రెస్సులో ఫోన్ వచ్చింది.

పెట్టేయండి. "డిజిటల్ అరెస్ట్" అనేది మన చట్టంలో ఎక్కడా లేదు. ఏ పోలీసూ, ఏ సీబీఐ వాడూ వీడియోలో అరెస్టు చేయడు, కేసు కొట్టేయడానికి ఖాతాలో డబ్బు వేయమనడు. ఈ ఫోన్లు హిందీలోనో ఇంగ్లీషులోనో వస్తాయి. మన పెద్దవాళ్లు భాష పూర్తిగా అర్థం కాక, అడగడానికి మొహమాటపడి, భయంలో తల ఊపుతారు. ఇంట్లో పెద్దలకి ఒక్కటే నేర్పండి: అర్థం కాని భాషలో భయపెట్టే ఫోన్ వస్తే పెట్టేసి కొడుక్కో, పక్కింటి వాళ్లకో చెప్పాలి.

డబ్బు పోయింది. ఇప్పుడేం చేయాలి?

మొదట 1930, అంటే సైబర్ నేరాల హెల్ప్‌లైన్. ఆ తర్వాత బ్యాంకు. ఆ తర్వాతే ఏడుపు. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి దూకుతూ ఉంటుంది, ఎంత త్వరగా చెబితే అంత మధ్యలో ఆపగలరు. రాత్రైనా ఆగకండి.

బ్యాంకు విషయంలో 2017 నాటి రిజర్వు బ్యాంకు రూలు ఒకటి ఉంది. తప్పు మీదీ బ్యాంకుదీ కాకుండా మధ్యలో ఎవడో దోచుకుంటే, సమాచారం అందిన మూడు పనిదినాల్లో బ్యాంకుకి చెబితే మీ నష్టం సున్నా. నాలుగు నుంచి ఏడు పనిదినాల్లో చెబితే కొంత మీ మీద పడుతుంది. ఓటీపీ మీరే చెప్పి ఉంటే, బ్యాంకుకి చెప్పేదాకా పోయింది మీదే, చెప్పాక పోయింది బ్యాంకుది. అందుకే ఫిర్యాదు చేసిన టైము కాగితం మీద ఉండాలి. బ్యాంకు 30 రోజుల్లో తేల్చకపోతే ఫిర్యాదులు విని తేల్చే రిజర్వు బ్యాంకు అధికారి, అంబుడ్స్‌మన్ ఉన్నారు, ఫీజు లేదు.

పోలీసు స్టేషన్‌లో "ఖాతా ఆంధ్రాది, అక్కడికి వెళ్లండి" అంటారు. ఇచ్ఛాపురం వెళితే "ఉండేది ఒడిశాలో గదా" అంటారు. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. దాన్ని జీరో ఎఫ్ఐఆర్ అంటారు. ఆ మాట వాడండి, మర్యాదగానే వాడండి, పని జరుగుతుంది.

యూపీఐలో డబ్బు కట్ అయింది, షాపువాడికి చేరలేదు.

షాపుకి కట్టిందైతే 5 రోజుల్లో వెనక్కి రావాలి. దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున బ్యాంకు మీకు ఇవ్వాలి. ఇది 2019 నుంచి ఉన్న రూలే, అయినా చాలామంది బ్యాంకువాళ్లకే గుర్తుండదు. పొరపాటున వేరే నంబరుకి పంపితే మాత్రం అవతలివాడు ఒప్పుకోవాలి, బ్యాంకు బలవంతంగా లాగదు. పేరు చూసి పంపండి. డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు, పిన్ అడిగాడంటే డబ్బు మీ దగ్గర నుంచి పోతోందని అర్థం.

ఆధార్‌లో ఒక పేరు, పాన్‌లో ఒక పేరు, బ్యాంకులో ఇంకో పేరు. ఎందుకిలా? ఎలా సరిచేయాలి?

మన జిల్లాల్లో నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే.

మనం ఇంటిపేరు ముందు పెట్టుకుంటాం, అదీ ఒక్క అక్షరంగా. ఒడిశాలో ఇంటిపేరు చివర ఉంటుంది. ఫారంలో "మొదటి పేరు, చివరి పేరు" అని గళ్లుంటాయి. నింపేవాడు తనకి తోచినట్టు నింపుతాడు. దాంతో ఒక కాగితంలో ఇంటిపేరు ముందు, ఒకదానిలో వెనక, ఇంకోదానిలో లేనే లేదు. దీనికి తోడు ఒడియా పలుకు. "వ" అక్కడ "బ" అవుతుంది. వరలక్ష్మి బరలక్ష్మి అవుతుంది, రావు రాఓ అవుతాడు. ఒడియాలో రాసినదాన్ని ఎవరో మళ్లీ ఇంగ్లీషులోకి ఎక్కిస్తే, పేరు మొదటి అక్షరమే మారిపోయి ఉంటుంది. ఈ పాత తప్పులు రికార్డు పుస్తకాల్లో ఉన్నంతకాలం ఎవరికీ బాధ లేదు. గుమాస్తా చూసి, "ఆ, ఈవిడే" అనేవాడు. కంప్యూటర్ అనదు. ఒక్క అక్షరం తేడా ఉంటే పీఎఫ్ ఆగుతుంది, పాన్ లింకు ఆగుతుంది, స్కాలర్‌షిప్ ఆగుతుంది.

సరిచేసే పద్ధతి చెబుతాను. ముందు ఆధార్ కేంద్రానికి పరుగెత్తకండి. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చనిస్తారు, పుట్టిన తేదీ ఒక్కసారే. ఇంట్లో ఉన్న కాగితాలన్నీ బల్ల మీద పరిచి, ఇంగ్లీషు అక్షరాల్లో పేరు ఎందులో ఎలా ఉందో చూడండి. మెషీన్లు పోల్చేది ఇంగ్లీషునే. పదో తరగతి సర్టిఫికెట్ ఉంటే దాన్నే మూలం చేసుకోండి, దాన్ని మార్చడం అన్నిటికన్నా కష్టం గనక. ఆధార్‌ను దానికి సరిపోల్చండి, తర్వాత పాన్, తర్వాత బ్యాంకు. కేంద్రంలో కుర్రాడు టైపు చేశాక, వేలిముద్ర వేసేముందు తెర మీ వైపు తిప్పించి ఒక్కొక్క అక్షరం చదవండి. వెనక లైను పెద్దగా ఉందని సిగ్గుపడితే మళ్లీ అదే లైన్లో నిలబడాలి.

పిల్లల పుట్టిన సర్టిఫికెట్ దగ్గరే జాగ్రత్తపడితే ఈ గోల వాళ్లకి ఉండదు. ఇంటిపేరును ఒక్క అక్షరంగా కాకుండా పూర్తిగా రాయించండి.

మన పేర్లు రాసుకునే తీరు తప్పేం కాదు, ఆ ఫారం తయారుచేసినవాడి ఊహ చిన్నది. కానీ ఫారం మారేదాకా మన పని ఆగదు కాబట్టి ఇలా సర్దుకోవాల్సి వస్తోంది.

కోడలిది ఆంధ్రా. ఇక్కడ ఒడిశా సర్కారు సుభద్ర పథకం డబ్బు మంజూరైంది అంటున్నారు, ఖాతాలో పడలేదు.

పడే ఉంటుంది, మీరు చూస్తున్న ఖాతాలో కాకపోవచ్చు. సుభద్ర కింద 21 నుంచి 60 ఏళ్ల మహిళలకి ఏటా 10,000 రూపాయలు రెండు విడతల్లో ఇస్తారు. ఆ డబ్బు ఖాతా నంబరు చూసి రాదు, ఆధార్ చూసి వస్తుంది. ఆధార్‌కి చివరిసారి ఏ బ్యాంకు లింకైందో ఆ ఖాతాలో పడుతుంది. పెళ్లికి ముందు పుట్టింటి ఊళ్లో గ్యాస్ సబ్సిడీ కోసమో, ఉపాధి కూలి కోసమో తెరిచిన ఖాతా లింకై ఉంటే డబ్బు అక్కడ ఉంటుంది. ఆధార్ సైటులో బ్యాంకు లింకు ఎక్కడుందో చూసుకోండి. మార్చాలంటే ఇక్కడి బ్యాంకులో ఆధార్ సీడింగ్ (ఖాతాకి ఆధార్ లింకు) ఫారం ఇవ్వాలి. సుభద్ర పేరు చెప్పి ఓటీపీ అడిగేవాళ్లు దొంగలు.

ఆంధ్రా రేషన్ కార్డు మీద బరంపురంలో బియ్యం ఇస్తారా?

జాతీయ ఆహార భద్రత చట్టం కింద ఉన్న కార్డైతే ఇవ్వాలి, "ఒకే దేశం ఒకే రేషన్ కార్డు" అంటే అదే. వేలిముద్ర పడితే చాలు. కేంద్రం వాటా బియ్యం వస్తాయి. రాష్ట్రం సొంతంగా ఇచ్చే పప్పు, పంచదార లాంటివి సరిహద్దు దాటవు. ఆంధ్రా ప్రభుత్వం సొంత ఖర్చుతో ఇచ్చిన కార్డుకి ఈ సౌకర్యం లేదు. రెండు రాష్ట్రాల్లో రెండు కార్డులు ఉంచుకోకండి, ఆధార్ దగ్గర దొరికిపోతాయి. కోరాపుట్ జిల్లా కోటియా గ్రామాల సంగతి వేరు. అవి మావంటే మావని రెండు రాష్ట్రాలూ అంటున్నాయి, అక్కడివాళ్లకి రెండువైపుల కార్డులూ ఇచ్చాయి. ఆ పీటముడి ఇక్కడ విప్పలేం.

ఆంధ్రా నంబరు బండి ఒడిశాలో నడపవచ్చా?

రాకపోకలకి ఎన్నాళ్లైనా నడపవచ్చు. బండి ఇక్కడే 12 నెలలకి మించి ఉంటే మాత్రం ఇక్కడి నంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్. ముందు ఆంధ్రా ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), తర్వాత ఇక్కడ రోడ్ ట్యాక్స్, ఆ తర్వాత అక్కడ మిగిలిన ట్యాక్స్ వాపసు కోసం దరఖాస్తు. మొదటి రెండూ సాగుతాయి. మూడోది చాలామంది మధ్యలోనే వదిలేస్తారు, వదలకండి. రెండు రాష్ట్రాలకీ రోడ్ ట్యాక్స్ కట్టి బండి మాత్రం ఒకటే ఉండటం ఏం న్యాయమో నాకు ఇప్పటికీ అర్థం కాదు. కేంద్ర, రాష్ట్ర ఉద్యోగులు, నాలుగు రాష్ట్రాల్లో ఆఫీసులున్న ప్రైవేటు కంపెనీల ఉద్యోగులు దేశమంతా చెల్లే బీహెచ్ నంబరు తీసుకుంటే ఈ తిరుగుడు ఉండదు. డిజిలాకర్‌లో ఉన్న ఆర్సీ, లైసెన్సు ఒరిజినల్‌తో సమానం, రెండువైపులా చూపించవచ్చు.

ఒడిశాలో స్మార్ట్ మీటరు పెట్టాక బిల్లు పెరిగింది. మీటరు తప్పా?

కావచ్చు, కాకపోవచ్చు. పాత మీటరు ముసలిదై నెమ్మదిగా తిరిగేది కూడా అయి ఉండవచ్చు. అనుమానం ఉంటే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ఐదు రోజుల్లో పక్కన ఇంకో మీటరు పెట్టి, కనీసం మూడు నెలలు రెండూ పోల్చి చూపాలని 2024లో సవరించిన కేంద్ర రూల్సు చెబుతున్నాయి. దక్షిణ ఒడిశాలో పంపిణీ 2021 జనవరి నుంచి టాటా పవర్ భాగస్వామ్యంలోని టీపీఎస్ఓడీఎల్ చేతిలో ఉంది. అక్కడ తేలకపోతే ఫిర్యాదుల ఫోరం, ఆపైన అంబుడ్స్‌మన్. ఆంధ్రాలో ఉన్న చార్జీల పట్టిక చూసి ఇక్కడ పోట్లాడకండి, కరెంటు రేటు ఏ రాష్ట్రానిది దానిదే.

యూపీఐ వల్ల జీఎస్టీ నోటీసు వస్తుందని మా కిరాణా కొట్టువాళ్లు క్యూఆర్ తీసేస్తున్నారు.

2025లో కర్ణాటకలో చిన్న వ్యాపారులకి నోటీసులు వెళ్లాక పుట్టిన భయమిది. సరుకులు అమ్మేవాళ్లకి ఏడాదికి 40 లక్షలు, సేవలైతే 20 లక్షలు దాటేదాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. లెక్క అమ్మకం మీదే. డబ్బు క్యూఆర్‌లో వచ్చిందా, గల్లాపెట్టెలో పడిందా అన్నదానితో పని లేదు. ఖాతాలో కనిపించే డబ్బంతా అమ్మకం కాదు కూడా, అల్లుడు పంపిన డబ్బు అందులోనే ఉంటుంది. అందుకే వ్యాపారానికి వేరే ఖాతా పెట్టుకోండి.

మన సరిహద్దు కొట్లకి మాత్రం ఒక మెలిక ఉంది. పర్లాకిమిడి కొట్టుకి పాతపట్నం మనిషి వచ్చి కొనుక్కుని వెళితే ఇబ్బంది లేదు. అదే మీరు సరుకు ఆటోకెక్కించి అవతలి ఊరి కొట్టుకి సరఫరా చేసి, ఆ అడ్రసుతో బిల్లు రాస్తే అది అంతర్రాష్ట్ర అమ్మకం. అప్పుడు 40 లక్షల మినహాయింపు వర్తించదు, మొదటి బిల్లుకే రిజిస్ట్రేషన్ ఉండాలి. చేనేత, హస్తకళ సరుకులకి కొంత సడలింపు ఉంది. అలా పంపేవాళ్లు ముందు ఆడిటరుతో ఒకసారి మాట్లాడుకోండి.

లోన్ యాప్‌లో 3,000 తీసుకున్నాను. ఫోన్‌లో నంబర్లన్నిటికీ మెసేజ్‌లు పెడతామని బెదిరిస్తున్నారు.

1930కి చెప్పండి, స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వండి. అప్పుల యాప్‌లు మీ ఫోన్‌బుక్, ఫోటోలు ముట్టుకోకూడదని రిజర్వు బ్యాంకు రూలు. గుర్తింపు ఉన్న సంస్థల తరఫున నడిచే యాప్‌ల జాబితా 2025 జూలై నుంచి రిజర్వు బ్యాంకు సైటులో ఉంది. అందులో లేని యాప్ జోలికి వెళ్లకండి. మహిళా గ్రూపుల మైక్రోఫైనాన్సు అప్పులకి కూడా రూలుంది: వసూలుకి ఉదయం 9 లోపు, సాయంత్రం 6 తర్వాత ఇంటికి రాకూడదు.

తత్కాల్ టికెట్ ఏజెంటు తీయలేనంటున్నాడు.

మొదటి అరగంట ఏజెంట్లకి తెరవరు. 2025 జూలై నుంచి ఆన్‌లైన్ తత్కాల్‌కి ఆధార్‌తో ధ్రువీకరించిన ఖాతా ఉండాలి. ముందు రోజే ఆ పని ముగించి ఉంచుకోండి. బుకింగ్ తెరిచే టైముకి ఓటీపీ కోసం సిగ్నల్ వెతుక్కోవడం రాయగడ, కోరాపుట్ కొండల్లో ఉన్నవాళ్లకి బాగా తెలిసిన కష్టమే.

ఆంధ్రాలో ఉన్న పొలం కాగితాల కోసం ప్రతిసారీ వెళ్లాలా?

చూసుకోవడానికి అక్కర్లేదు. ఆంధ్రాది మీభూమి సైటులో, ఒడిశాది భూలేఖ్ సైటులో కనిపిస్తుంది. ఆంధ్రా సర్టిఫికెట్లు కొన్నిటికి 2025 జనవరిలో మొదలైన "మన మిత్ర" వాట్సాప్ సేవ ఉంది. ఒడిశాలో కూర్చుని కూడా వాడుకోవచ్చు. రిజిస్ట్రేషన్‌కీ, పేరు మార్పిడికీ, కొలతలకీ మాత్రం మనిషి వెళ్లక తప్పదు. వెళ్లేముందు ఆధార్‌లో పేరు, పట్టాదారు పాస్‌బుక్‌లో పేరు ఒకేలా ఉన్నాయో లేదో చూసుకుని బయల్దేరండి.